అల్పవిశ్వాసం అనే కొత్త కర్మ

ఇంగ్లీషులో ‘ప్రాస్పెరిటీ గాస్పెల్’ అని పిలిచే బోధకి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. కొందరు ‘సమృద్ధి సువార్త’ అంటారు, కొందరు ‘దీవెనల బోధ’ అంటారు. చాలామంది ఏమీ అనరు, వాళ్ళకి అది మామూలు ప్రసంగమే. పేరు లేనిదాన్ని విడిగా పట్టుకుని చూడటం కష్టం. అందుకే మన సంఘాల్లో దీని గురించి మాట వచ్చినప్పుడల్లా ఫలానా పాస్టరుగారి కారు దగ్గరో, ఫలానా సభల్లో పోగైన కానుకల దగ్గరో ఆగిపోతుంది.

నాకు ఆ కారు మీద పెద్ద పట్టింపు లేదు. బోధకుడు ప్రతి రూపాయికీ లెక్క చూపించేవాడే అనుకుందాం. అద్దె ఇంట్లో ఉంటూ స్కూటరు మీద తిరిగేవాడే అనుకుందాం. అయినా ఆయన ఈ బోధ చేస్తే నా అభ్యంతరం అలాగే ఉంటుంది. మోసగాళ్ళ సంగతి హేతువాదులో పోలీసులో చూసుకుంటారు. బోధ సంగతి మాత్రం విశ్వాసులే చూసుకోవాలి. ఎందుకంటే అది మనం బైబిలు చదివే తీరునీ, ప్రార్థించే తీరునీ, అన్నిటికంటే ముఖ్యంగా బాధలో ఉన్న మనిషిని చూసే తీరునీ మార్చేస్తోంది. నేను ఈ వ్యాసం విశ్వాసిగానే రాస్తున్నాను. చర్చిలోనే పెరిగాను, ఇప్పటికీ ఆదివారం పొద్దున అక్కడే ఉంటాను.

ఈ ప్రసంగానికి ఒక కట్టుబడి ఉంది. పది వింటే పదకొండోది ఎలా నడుస్తుందో చెప్పేయొచ్చు. మొదట సమస్యల జాబితా వస్తుంది: అప్పులు, సంతానం లేకపోవడం, పిల్లకి సంబంధం కుదరకపోవడం, వీసా, కోర్టు కేసు, డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు. వింటున్న ప్రతివాళ్ళకీ ఆ జాబితాలో తమది ఒకటి వినపడుతుంది. తర్వాత ఒక వచనం. దానికి ముందున్నదీ వెనకున్నదీ చదవరు. తర్వాత ఒక సాక్ష్యం, అందులో అంతా బాగైపోయి ఉంటుంది. తర్వాత ఒక ఆజ్ఞ: నోటితో పలకండి, స్వీకరించండి, ‘నెగెటివ్’ మాట పెదవుల మీదకి రానివ్వకండి. చివర్లో విత్తనం. అంటే డబ్బు. ఇప్పుడైతే తెర మీద కింద క్యూఆర్ కోడ్ కూడా కనిపిస్తూ ఉంటుంది.

ఆ ‘విత్తనం’ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. సువార్తల్లో యేసు విత్తనం గురించి చెప్పాడు, నిజమే. మార్కు 4లో ఆయనే దాని అర్థం కూడా విప్పి చెప్పాడు. విత్తనమంటే వాక్యం. పైగా ఆ ఉపమానంలో నాలుగు రకాల నేలల మీద పడితే మూడు చోట్ల పంట చేతికి రాలేదు. ఒక చోట ముళ్ళపొదలు అణిచేశాయి. ఆ ముళ్ళపొదల్లో ఒకటి డబ్బు వ్యామోహమని యేసే అన్నాడు. అలాంటి ఉపమానంలోంచి విత్తనాన్ని తీసుకొచ్చి దాన్నే డబ్బుగా మార్చడానికి చాలా ధైర్యం కావాలి. ఇంకో మాట. గుంటూరులోనో వరంగల్లులోనో పత్తి వేసిన రైతుని అడిగితే విత్తనం వేయడానికీ పంట రావడానికీ మధ్య ఎన్ని ఉంటాయో చెప్తాడు. నకిలీ విత్తనాలైతే బిల్లు పట్టుకుని దుకాణం ముందుకెళ్ళి నిలబడతాడు. ఈ విత్తనాల కొట్టులో ఆ వీలు లేదు. పంట రాకపోతే తప్పు ఎప్పుడూ నేలదే.

* * *

ఇది ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే కొంత అర్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో ‘న్యూ థాట్’ అనే ఆలోచనా ధోరణి ఒకటి ఉండేది. మన ఆలోచనలూ మాటలే మన పరిస్థితుల్ని తయారుచేస్తాయని దాని సారాంశం. జబ్బు కూడా తప్పు ఆలోచనే. ఇ. డబ్ల్యు. కెన్యన్ (1867–1948) అనే బోధకుడి రాతల్లో ఆ గాలి తగులుతుంది. కెన్యన్ దగ్గర్నుంచి ఎంతో తీసుకుని, దాన్ని ఉద్యమంగా మార్చినవాడు ఓక్లహామాలోని టల్సాకి చెందిన కెనెత్ హేగిన్ (1917–2003). దేవుడి మాటని నువ్వు నోటితో పలికితే అది జరిగి తీరుతుంది అనే సూత్రాన్ని ఆయన శిష్యులు ప్రపంచమంతా తీసుకెళ్ళారు. అదే ఓక్లహామాలో ఓరల్ రాబర్ట్స్ (1918–2009) ‘సీడ్ ఫెయిత్’ అన్నాడు. మన ‘విత్తనం’ అక్కడిదే. 1987లో ఆయన టీవీలో, 80 లక్షల డాలర్లు రాకపోతే దేవుడు తనని తీసుకుపోతాడని చెప్పాడు. డబ్బు వచ్చింది.

రాబర్ట్స్ తన జీవితం మలుపు తిరిగిందని చెప్పుకున్న వచనం యోహాను మూడో పత్రిక, రెండో వచనం. 1947లో ఒక పొద్దున బైబిలు తెరిస్తే అది కనిపించిందట. దేవుడు మనం అన్నిటిలో వర్ధిల్లాలనే కోరుకుంటున్నాడని అప్పుడు తెలిసొచ్చిందట. ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక పొరుగాయన సాయంతో కొత్త బ్యూయిక్ కారు ఇంటికొచ్చింది. ఆ కారే ఆ వచనానికి వ్యాఖ్యానం అయిపోయింది.

ఆ వచనం ఏమిటి? యోహాను అనే పెద్దాయన గాయు అనే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో కుశలప్రశ్న. నీ ఆత్మ బాగున్నట్టే నీ ఒళ్ళూ పనులూ కూడా బాగుండాలని ప్రార్థిస్తున్నానని దాని భావం. గార్డన్ ఫీ అనే కొత్త నిబంధన పండితుడు ఈ సంగతిని చాలా తేలిగ్గా తేల్చేశాడు. ఆ కాలపు ఉత్తరాలన్నీ అలాగే మొదలయ్యేవి అన్నాడు. మన పాత ఉత్తరాల్లో ‘ఇక్కడ అందరం క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను’ అని ఉండేది కదా, అలాగన్నమాట. మా మేనమామ ఉత్తరంలో ఆ మాట చూసి, ‘మావయ్య నాకు ఆరోగ్య బీమా రాసిచ్చాడు’ అని ఎవరూ అనుకోరు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, ఫీ పెంతెకొస్తు సంఘాలని వెక్కిరించే బయటివాడు కాడు. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘంలో పుట్టి పెరిగిన పెంతెకొస్తువాడే. ఆరోగ్యం, ఐశ్వర్యం అనే ఈ సువార్తని ఆయన తన చిన్న పుస్తకం పేరులోనే ఒక రోగం అన్నాడు. ఆ సంఘం కూడా 1980లో ‘పాజిటివ్ కన్ఫెషన్’ బోధని తప్పుబడుతూ అధికారికంగా ఒక పత్రం ప్రకటించింది.

* * *

మనవాళ్ళు ఎక్కువగా వాడే వచనం వేరు: మలాకీ 3:10. దశమభాగం ఆలయానికి తెండి, ఆకాశపు వాకిళ్ళు తెరిచి దీవెన కుమ్మరిస్తానో లేదో చూడండి అని దేవుడు సవాలు చేసే చోటు. కానుకల సమయంలో ఇది చదవని సంఘాన్ని నేను చూడలేదు. దీనికి అయిదు వచనాల ముందు ఏముందో చదివిన సంఘాన్ని కూడా దాదాపు చూడలేదు.

మలాకీ 3:5లో దేవుడు తీర్పు తీర్చడానికి వస్తానంటాడు. ఎవరి మీద? కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళని, తండ్రిలేని పిల్లల్ని బాధపెట్టేవాళ్ళ మీద, పరదేశికి అన్యాయం చేసేవాళ్ళ మీద. ఆ వెంటనే దశమభాగం సంగతి వస్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో ద్వితీయోపదేశకాండం 14 చెప్తుంది. మూడేళ్ళకోసారి పంటలో పదోవంతు ఊళ్ళోనే ఉంచాలి. సొంత భూమి లేని లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్ళు, విధవరాళ్ళు వచ్చి కడుపునిండా తినాలి. అంటే దశమభాగం భూమి ఉన్నవాడి దగ్గర్నుంచి భూమి లేనివాడి దగ్గరికి వెళ్ళే ధాన్యం. దాన్ని ఎగ్గొట్టడమంటే పేదవాడి కంచం లాక్కోవడం. అందుకే దేవుడు దాన్ని దొంగతనం అన్నాడు. ఈ రోజు అదే వచనాన్ని నాలుగిళ్ళలో పాచిపని చేసుకుని బతికే ఆవిడకి చదివి వినిపించి, ‘అమ్మా, నువ్వు దేవుడి దగ్గర దొంగిలిస్తున్నావు’ అంటున్నాం. ఎవరికోసం రాసిన చట్టాన్ని ఎవరి మీద ప్రయోగిస్తున్నామో చూడండి.

విధవరాలి రెండు కాసుల కథ కూడా ఇలాగే చదువుతాం. మార్కు 12లో ఆ కథకి సరిగ్గా ముందు వచనంలో, దీర్ఘప్రార్థనలు చేస్తూ విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల గురించి యేసు హెచ్చరిస్తాడు. ఆ తర్వాత వెంటనే ఒక విధవరాలు తనకున్నదంతా కానుకపెట్టెలో వేసేస్తుంది. యేసు ఆమెని మెచ్చుకున్నాడనడంలో నాకు సందేహం లేదు. ఆ పెట్టెని మెచ్చుకున్నాడని మాత్రం అనుకోను. ఆ వెంటనే వచ్చే అధ్యాయం మొదట్లోనే ఆ ఆలయంలో రాయి మీద రాయి నిలవదని చెప్పాడు మరి.

మార్కు 10:30లోని ‘నూరంతలు’ ఇంకోటి. అన్నీ వదిలొచ్చినవాళ్ళకి నూరంతలుగా ఇళ్ళు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లులు, పిల్లలు, భూములు దొరుకుతాయన్న మాట. వెయ్యి ఇస్తే లక్ష వస్తుందని దీన్నిబట్టి లెక్క వేస్తారు. అయితే నూరు ఇళ్ళు కోరుకునేవాళ్ళెవరూ నూరుమంది తల్లుల గురించి మాట్లాడరు. నూరుమంది తల్లులు ఎలా వస్తారు? సంఘంలో ఉన్న ప్రతి పెద్దావిడా తల్లి అయితే వస్తారు. నూరు ఇళ్ళు కూడా అలాగే. వెళ్ళిన ఊళ్ళో తలుపు తెరిచి అన్నం పెట్టే ఇల్లు మన ఇల్లే. అదే వచనంలో, అదే జాబితాలో ‘హింసలతోపాటు’ అనే అర్థమిచ్చే మాట కూడా ఉంది. విత్తనం లెక్కలో దాన్ని నూరుతో హెచ్చవేసి చెప్పినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు.

* * *

ఇంతవరకూ చెప్పింది వాక్యం చదవడం గురించి. కానీ వాక్యం తప్పుగా చదివినంత మాత్రాన జనం వేలల్లో రారు. ఎందుకు వస్తున్నారో చూడకుండా చేసే విమర్శ సగమే. ‘అత్యాశపరులు’ అనేయడం చాలా తేలిక. చేతిలో బీమా, నెలజీతం ఉన్నవాళ్ళకి ఇంకా తేలిక.

తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులు. ఊరు వాళ్ళకి తరాలపాటు ఒకే సంగతి చెప్పింది: మీరు ఇలా ఉన్నారంటే అది మీరు చేసుకున్నదే, పోయిన జన్మలో ఏదో చేసి ఉంటారు, అనుభవించాలి. కర్మ గురించి తాత్త్వికులు చెప్పే లోతైన సంగతులు వేరే ఉండొచ్చు. వెలివాడ దాకా వచ్చింది మాత్రం ఆ ఒక్క వాక్యమే. అలాంటి చోట యోహాను 9 చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అడుగుతారు, ఎవరు చేసిన పాపం ఇది, వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని. యేసు ఇద్దరిదీ కాదంటాడు. ఆ కళ్ళు తెరుచుకోకముందే అక్కడ ఒక అద్భుతం జరిగిపోయింది. ఒక మనిషి బాధకీ అతని తప్పుకీ మధ్య ఉన్న ముడిని యేసు తెంపేశాడు. తెలుగు నేల మీద సువార్త సువార్తగా వినపడింది ఈ మాట వల్లే అని నా నమ్మకం.

అందుకని ‘నువ్వు బాగుండాలని దేవుడు కోరుకుంటున్నాడు’ అని ఒక బోధకుడు అన్నప్పుడు ఆ తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నేను నవ్వను. గ్రూపు లోనుకీ, మైక్రోఫైనాన్సు వాయిదాకీ, కార్పొరేట్ ఆసుపత్రి అడ్వాన్సుకీ మధ్య నలిగిపోతున్న మనిషికి, తన బతుకు మీద ఆకాశంలో ఎవరికో ఆసక్తి ఉందని వినడం చిన్న సంగతి కాదు. ఆ ఒక్క మాట వరకూ ఆ బోధకుడు చెప్పింది నిజమే.

చిక్కు ఆ తర్వాతి మాటతో వస్తుంది. దేవుడు కోరుకున్నాడు, వాగ్దానం ఇచ్చాడు, నువ్వు విత్తనం వేశావు, నోటితో పలికావు. అయినా రాలేదు. మరి ఎక్కడుంది లోపం? దేవుడిలో ఉండకూడదు. వాగ్దానంలో ఉండకూడదు. దైవజనుడిలో ఉండకూడదు. మిగిలింది నువ్వే. ‘నీ విశ్వాసం చాల్లేదు.’ యేసు తెంపిన ముడిని మళ్ళీ వేశారు. నీ స్థితికి నువ్వే కారణం అని చెప్పే ఆ పాత వాక్యం, పోయిన జన్మ అనే మాట ఒక్కటి తీసేసి, చర్చి వేదిక మీద నుంచే తిరిగొచ్చింది. పాత కర్మ కనీసం గుర్తులేని జన్మ మీదకి నెట్టేది. ఇది నిన్న రాత్రి నువ్వు చేసిన ప్రార్థన మీదకే నెడుతుంది.

దీని బరువు ఎలాంటిదో నాకు తెలిసిన ఒకావిడ విషయంలో చూశాను. భర్తకి క్యాన్సర్. నెలల తరబడి ఉపవాసాలు, నూనె అభిషేకాలు, విత్తనాలు. స్వస్థత జరిగిపోయిందని అందరూ ప్రకటించారు. ఆయన పోయాడు. భూస్థాపన అయిన వారానికే పరామర్శకి వచ్చినవాళ్ళు, ‘ఇంట్లో ఎవరైనా అనుమానపడ్డారా అక్కా?’ అని మెల్లిగా అడిగారు. ఆవిడ ఒప్పుకున్నట్టే తలూపింది. ఒక రాత్రి ఆయన శ్వాస ఆడక కొట్టుకుంటుంటే, పోతాడేమో అని అనుకుందట. ఆ ఒక్క ఆలోచనే ఆయన్ని చంపిందని ఆవిడ చాలాకాలం నమ్మింది. అడిగినవాళ్ళు దుర్మార్గులు కారు. వాళ్ళు నేర్చుకున్న బోధ ప్రకారం అడగాల్సిన ప్రశ్న అదే.

ఇదే ప్రశ్న పౌలుని అడిగితే? తన జతపనివాడు త్రోఫిముని మిలేతులో రోగిగా వదిలి వచ్చానని రెండో తిమోతి పత్రికలో రాశాడు. తరచుగా జబ్బుపడే తిమోతికి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని వైద్యం చెప్పాడు. విత్తనం వేయమనలేదు. తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. హెబ్రీయులు 11లో విశ్వాసవీరుల జాబితా మొదట్లో గెలిచినవాళ్ళున్నారు. చివరికొచ్చేసరికి రాళ్ళ దెబ్బలు తిన్నవాళ్ళు, మేకతోళ్ళు కప్పుకుని గుహల్లో తిరిగినవాళ్ళున్నారు. ఆ పత్రిక రాసినవాడు రెండో గుంపు విశ్వాసం తక్కువైందని అనలేదు. ఇద్దరినీ ఒకే జాబితాలో పెట్టాడు.

కేట్ బౌలర్ అనే చరిత్రకారిణి ఈ బోధ అమెరికాలో ఎలా పెరిగిందో ఏళ్ళపాటు ఆ సంఘాల్లో కూర్చుని పరిశోధించి, 2013లో ‘బ్లెస్డ్’ అనే పుస్తకం రాసింది. ఎక్కడా వెటకారం లేని పుస్తకం. రెండేళ్ళకి, 35 ఏళ్ళ వయసులో ఆమెకి నాలుగో దశ క్యాన్సర్ అని తేలింది. 2018లో వచ్చిన రెండో పుస్తకంలో ఆమె ఆ అనుభవం రాసింది. తాను ఆ బోధని నమ్మనని అనుకున్నా, మంచిగా బతికితే మంచే జరుగుతుందనే లెక్క తనలోనూ ఎక్కడో దాగుందని గమనించింది. మనలో చాలామంది పరిస్థితి అదే. బోధని వేదిక మీద గుర్తుపట్టడం తేలిక, మన ప్రార్థనలో గుర్తుపట్టడం కష్టం.

* * *

సాహిత్యం చదివేవాళ్ళకి ఇందులో ఇంకో నష్టం కూడా కనపడాలి. ఈ బోధ విలాపాన్ని నిషేధిస్తుంది. ‘నెగెటివ్’ మాట పలకకూడదంటే ఏడవకూడదనేగా. కీర్తనల గ్రంథంలో మూడో వంతుకి పైగా విలాపాలే. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో ఒక ఊరట మాటైనా లేదు. యోబు గ్రంథంలో ఎక్కువ భాగం యోబు ఫిర్యాదు. అతని స్నేహితులు చెప్పింది దాదాపు ఈనాటి ప్రసంగమే: నీలో ఏదో లోపముంది, ఒప్పుకో, అన్నీ తిరిగొస్తాయి. కథ చివర దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద. అన్నీ తిరిగొచ్చిన చివరి అధ్యాయాన్ని మాత్రం చదివి మధ్యలో వాటిని వదిలేసే బోధ, యోబు స్నేహితుల వైపే నిలబడుతోంది.

తెలుగులో దేవుడి మీద ఫిర్యాదుగా వచ్చిన గొప్ప కావ్యం ‘గబ్బిలం’ (1941). దాన్ని రాసిన జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. గుడిలోకి వెళ్ళే వీలు లేని మనిషి, గుళ్ళో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. ఆ మనిషి తన ఆకలినీ అవమానాన్నీ దాచి, ‘బాగున్నాను, స్వీకరిస్తున్నాను’ అని కబురు పెట్టలేదు. ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. అలా చెప్పుకోవడాన్ని అవిశ్వాసమని నేర్పిస్తే, ఆ సంఘం నుంచి ఇక ప్రార్థనా రాదు, కవిత్వమూ రాదు. ప్రకటనలు వస్తాయి.

* * *

‘అయితే పేదరికమే పుణ్యమంటారా?’ అని ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్న. కాదు. మిషనరీలు ఆసుపత్రులు, బడులు కట్టారు, వాటివల్ల లక్షలమంది జీవితాలు మారాయి. ఆకలి దేవుడిచ్చిన వరమని చెప్పే బోధ కూడా అబద్ధమే. తేడా ఏమిటో చూడటానికి మనం టల్సా దాకా పోనక్కర్లేదు, ఒంగోలు చాలు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1876–78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి దొరికేలా చూశాడు. పని దగ్గర ఎవరి విశ్వాసమెంతో కొలవలేదు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని జనం అడిగితే ఆయన ఆపేశాడు. ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని, నిజంగా అలా చేరకూడదని. కరువు సాయం అయిపోయాక, ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని చెప్పి పంపేయాలని చూశాడు. వాళ్ళు కదల్లేదు. కాలువ తవ్విన చేతుల బొబ్బలు చూపించి, మాకు సాయం అక్కర్లేదు, మళ్ళీ పంట పోతే పోతాం, పోయేది క్రైస్తవులుగా పోతాం అన్నారని ఆయన జ్ఞాపకాల్లో ఉంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ కదలికలో అన్నానికి పాత్రే లేదని నేను అనను. కరువులో తోడున్నవాడిని జనం నమ్మారు, అది సహజం. కానీ అన్నానికీ విశ్వాసానికీ మధ్య ఒక గీత ఉండాలని ఆ రెండు వైపులవాళ్ళకీ తెలుసు. అన్నం అందరికీ పెట్టాలి, విశ్వాసం అన్నం కోసం కాకూడదు. ఈనాటి బోధ రెండింటినీ తిరగేసింది. అన్నం పెట్టదు, పైగా విశ్వాసం అన్నం కోసమే అంటుంది.

ఆ 2222 మంది వారసులకి విశ్వాసం వల్ల వచ్చిందేమిటో లెక్క కూడా మన కళ్ళెదుటే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. మన రాష్ట్రాల్లో బీసీ-సీలో ఒక్క శాతం రిజర్వేషన్ దక్కుతుంది. కాగితం మీద చూస్తే విశ్వాసం వాళ్ళకి నష్టమే తెచ్చింది. ఆ నష్టం తెలిసీ సంఘం రిజిస్టర్లో పేరు ఉంచుకున్నవాళ్ళున్నారు. విశ్వాసముంటే లాభం వచ్చి తీరుతుందనే బోధకి వాళ్ళ బతుకే జవాబు. ఆ జవాబు ఏ చానల్లోనూ సాక్ష్యంగా రాదు.

‘బాగైనవాళ్ళు కూడా ఉన్నారు కదా’ అంటారు. ఉన్నారు. దేవుడు స్వస్థపరుస్తాడని నేనూ నమ్ముతాను, అందుకోసం ప్రార్థిస్తాను. వరంగా అడగడానికీ, చెల్లించిన బిల్లుకి సరుకు అడగడానికీ తేడా ఉందనే చెప్తున్నాను. ఎలీషా నయమానుని బాగుచేసి ఒక్క కాసు ముట్టుకోలేదు. వెనకాల పరిగెత్తి వెళ్ళి వెండి, బట్టలు తెచ్చుకున్నది గేహజీ. కుష్ఠు వాడికే అంటింది.

ఈ మాటలు ఇప్పుడు పశ్చిమ దేశాల పండితులే అంటున్నవి కావు. ఈ బోధ బాగా వేళ్ళూనిన ఆఫ్రికా నుంచే వేదాంతులు ఘనాలోని ఆక్రోపాంగ్‌లో 2008, 2009లలో కూర్చుని దీన్ని బైబిలు వెలుగులో తప్పని తేల్చారు. 2010లో కేప్‌టౌన్ లాసాన్ మహాసభ పత్రం కూడా అదే చెప్పింది. హేగిన్ సైతం చివరి రోజుల్లో, 2000లో, ‘ది మైడాస్ టచ్’ రాసి తన దారిలో నడిచినవాళ్ళ అతిని మందలించాడు. మన దగ్గర అలాంటి పని, మన భాషలో, మన సంఘ పెద్దల చేత జరగాలి.

అంతవరకూ ఏం చేయొచ్చు? పెద్ద ఉద్యమాలేమీ అక్కర్లేదు. మలాకీ 3:10 చదివిన ప్రతిసారీ 3:5 కూడా గట్టిగా చదవాలి. వచ్చిన దశమభాగంలో విధవరాళ్ళకీ తండ్రిలేని పిల్లలకీ ఎంత వెళ్ళిందో ఏడాదికోసారి సంఘంలో చెప్పాలి. సాక్ష్యాల సమయంలో, ప్రార్థించినా బాగుకాని మనిషికి కూడా మైకు ఇవ్వాలి. ఆవిడ వచ్చి, ‘మా ఆయన పోయాడు. నాకు అప్పులున్నాయి. రాత్రులు నిద్ర పట్టదు. అయినా ఇక్కడికి వచ్చాను’ అని చెప్పి కూర్చుంటే, వెనక నుంచి ఎవరూ విశ్వాసం సంగతి ఎత్తకూడదు. పక్కన కూర్చున్నవాళ్ళు ఆ అప్పు ఎంతో అడగాలి.